ఆపరేటరమ్మ నేర్పిన చిన్న మాటలు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, నాయన మగ్గానికి కొత్త పడుగు ఎక్కిస్తుంటే దారాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. హిందూపురం నుంచి ఫోను వచ్చింది. ఆపరేటరమ్మ తమ్ముడు. "పాపా, అక్క పోయింది. తెల్లారేటప్పుడు నీళ్ళు కావాలని సైగ చేసింది. లోటా తెచ్చేలోపల పోయింది" అన్నాడు. ఏమడగాలో తెలియక "ఎన్ని గంటలకు?" అన్నాను. ఆయన సమయం చెప్పాడు. చెప్పిందే మళ్ళీ చెప్పాడు. నేను కూడా ఆ సమయాన్నే మళ్ళీ పలికి, సరే అని పెట్టేశాను. నాయన నా ముఖం చూసి అడగకుండానే దారాలు అందుకున్నాడు.

హిందూపురంలో ఆమె వీధిలో అందరికీ ఆమె ఆపరేటరమ్మే. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసింది. ఊరి నుంచి బయటికి ఒక్క మాట పోవాలన్నా, బయటి నుంచి ఒక్క మాట రావాలన్నా ఆ గదిలో కూర్చున్న నలుగురైదుగురు ఆడవాళ్ళ చేతుల మీదుగా పోవలసిన కాలం అది. ఆమెకు అసలు పేరు ఒకటుందని చాలామందికి పదకొండో రోజు కార్డు మీదే తెలిసింది. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించి గానీ పలికేది కాదు.

నేను ఆమె దగ్గరికి ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో చెప్పాలి. చెప్పుకోవడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గే.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ధర్మవరంలో డిగ్రీ చదువుతున్నాను. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ఇంట్లో ఇంగ్లీషు చదివింది నేనొక్కదాన్నే కాబట్టి బయటి ఊళ్ళ నుంచి ఫోను వస్తే నా చేతికిచ్చేవారు. పరీక్షల్లో ఇంగ్లీషుకు మంచి మార్కులే వచ్చేవి. వ్యాసాలు బట్టీపట్టి కామా పోకుండా రాసేదాన్ని. ఆ ధైర్యంతోనే ఫోను అందుకునేదాన్ని.

బొంబాయి నుంచి ఒకామె మా ఇంటికే వచ్చి, తన కూతురి పెళ్ళికి పన్నెండు చీరలు నేయమని చెప్పి వెళ్ళింది. పెళ్ళిలో వాళ్ళింటి ఆడవాళ్ళందరూ ఒకే రంగు కట్టుకోవాలట. నెమలికంఠం రంగు, మిరపపండు అంచు. ఆమెకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు. ఇద్దరి నడుమా ఇంగ్లీషే. పట్టుకు రంగు అద్దడం అయిపోయి, పడుగు మగ్గానికి ఎక్కించబోయే రోజుల్లో ఆమె ఫోను చేసింది. గొంతు నీరసంగా ఉంది. "ద వెడ్డింగ్ ఈజ్ కాల్డ్ ఆఫ్" అంది. నాకు వెడ్డింగ్ వినపడింది. కాల్ వినపడింది. పెళ్ళికి పిలుస్తోందనుకున్నాను.

"థ్యాంక్యూ మేడమ్. వెరీ హ్యాపీ. వుయ్ ఆర్ ఆల్ వెరీ హ్యాపీ" అన్నాను.

అటువైపు ఆమె ఫోను పెట్టేసింది.

"ఏమంటాది పాపా?" అని నాయన అడిగాడు.

"మనల్ని పెండ్లికి పిలిచింది నాయనా."

నాయన నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. "చీర నేసినోన్ని పెండ్లికి పిలిచేటోల్లను నేనింతవరకూ చూల్లేదే" అని అమ్మతో అన్నాడు. పక్కింటివాళ్ళకు చెప్పాడు. మొదట ఒక మగ్గం మీద నేద్దామనుకున్నవాడు ఆ ఉత్సాహంలో మూడు మగ్గాల మీదా అదే రంగు ఎక్కించాడు. బొంబాయి పోవాలంటే ఎన్ని బళ్ళు మారాలో కూడా ఎవరినో కనుక్కున్నాడు.

రెండు నెలలైనా బొంబాయి నుంచి మళ్ళీ ఫోను రాలేదు. హిందీ వచ్చిన మా చిన్నాన్న కొడుకు చేత చేయిస్తే అసలు సంగతి తెలిసింది. పెళ్ళి ఆగిపోయింది. ఆ మాట చెప్పడానికే ఆమె చేసింది. "మా అమ్మాయి పెళ్ళి ఆగిపోయిందంటే వాళ్ళమ్మాయి చాలా సంతోషమంది" అని ఆమె ఫోనులో ఏడ్చి, వాడు సర్దిచెప్పేలోపల పెట్టేసిందట.

నాయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మగ్గం మీద సగంలో ఉన్న చీర ముందు కూర్చుని, నేసినంత మేరా అరచేత్తో నిమిరి, "తెల్లేదని ఒక మాట చెప్పింటే సరిపోయేది కదా పాపా" అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఇంట్లో ఫోను మోగితే నేను పెరట్లోకి పోయేదాన్ని. కాలేజీలో కూడా నోరు తెరవడం తగ్గిపోయింది. అమ్మది హిందూపురం. ఒక ఆదివారం నన్ను బలవంతంగా ప్యాసింజరు ఎక్కించి, తన పుట్టింటికి ఎదురింట్లో ఉండే ఆపరేటరమ్మ ముందు తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. "ఆపరేటరక్కా, ఇది ఇంగ్లీషంటే వణుకుతాండాది. ఏం చేస్తావో చెయ్" అంది.

సన్నగా, ఎత్తుగా ఉండేది ఆవిడ. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబం కింద, ఆమె పైన. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోను పెట్టుకోవడం వల్లనేమో కుడిచెవి సరిగా వినపడేది కాదు. ఎవరు మాట్లాడినా ఎడమ చెవిని ముందుకు పెట్టి, కళ్ళు కిందికి దించి వినేది. నేను జరిగిందంతా చెప్పాను. చెప్పి ఏడ్చాను. ఆమె అంతా విన్నాక, ఎక్స్ఛేంజిలో తంతి మాటలు తిరిగి చదివి వినిపించినట్టు నెమ్మదిగా అప్పజెప్పింది.

"ఆమె పెండ్లి ఆగిపోయిందనింది. నువ్వు సంతోషమన్న్యావు. ఆమె పెట్టేసింది. మీ నాయన మూడు మగ్గాలెక్కించినాడు. అంతే కదా?"

"అంతే."

"సరే. లెయ్యి. ఉగ్గాని చేసినా, తిందువు రా."

అది ఆమె పద్ధతి. హోటల్లో సర్వరు దగ్గర కూడా అంతే. తాను చెప్పింది వాడు తిరిగి చెప్పేదాకా వదిలేది కాదు. సంతలో బెల్లం కొన్నా, ఆటో మాట్లాడుకున్నా విన్నదాన్ని ఒకసారి పైకి అని చూసుకునేది. ఫోను మోగితే లేచి నిలబడి తీసేది. మొబైలు వచ్చాక కూడా, మంచం మీద పడుకుని ఉన్నా సరే, లేచి నిలబడేది. ఎందుకని అడిగితే, "అవతల ఎవురుంటారో ఏమో. ఏం సుద్ది చెప్తారో ఏమో. పండుకోని వింటే బాగుంటాదా?" అంది.

ఉగ్గాని తిన్నాక, ఇంగ్లీషులో 'కాల్డ్ ఆఫ్' లాగా జంటగా వచ్చే మాటలన్నీ ఒక లిస్టు రాసివ్వమని అడిగాను. బట్టీపడతానన్నాను.

"బట్టీపట్టే కదా ఈ కాడికి వచ్చినావు" అంది. "సరే, నేనొకటి అడుగుతా చెప్పు. 'కొట్టు' అంటే ఏమి?"

"కొట్టడమే."

"మీ వీధిలో పిల్లోడు బడి ఎగ్గొట్టినాడంటారు. బడిని కొట్టినాడా?"

నాకు నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

"చూడు అంటే చూసేది. పిల్లను బాగా చూసుకో అంటే? కండ్లు ఆర్పకుండా చూడమనా? ఎదురుచూడు అంటే? చిన్నచూపు చూసినాడు అంటే? అన్నిట్లోనూ ఆ చూసేదే కదా ఉండేది. ఇంగ్లీషోడిదీ అంతే. లుక్ అంటే చూడు. ఆఫ్టర్ వచ్చి పక్కన కూసుంటే చూసుకో. ఫార్వర్డ్ వచ్చి కూసుంటే ఎదురుచూడు. డౌన్ వస్తే చిన్నచూపు. మనకు చిన్న మాట ముందరొస్తాది శానావరకూ, వాల్లకు ఎనక వస్తాది. నువ్వు పెద్ద మాటను చూసి నమస్కారం పెట్టినావు. పెత్తనమంతా పక్కన కూసున్న చిన్నదానిది."

అప్పటిదాకా నాకు ఇంగ్లీషు ఎవరూ అలా చెప్పలేదు. నా భాషలోనే అదంతా ఉందని అసలే తెలియదు.

ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ హిందూపురంలోనే. ఆమె నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది తక్కువ. పని చేయించేది, చేస్తున్న పనికి పేరు పెట్టేది. మిద్దె మీద ఆరిన చీరలు తీస్తుంటే 'టేక్ డౌన్', మడతపెడుతుంటే 'ఫోల్డ్ అప్', సంగటికి ఎసరు పెట్టి స్టవ్ వెలిగిస్తే 'టర్న్ ఆన్'. పిండి నిండుకుంటే డబ్బా తిరగేసి చూపించి, "వుయ్ హావ్ రన్ ఔట్. ఎవురు పరిగెత్తినారు పాపా?" అని అడిగేది. "పిండి పరిగెత్తింది" అని నేను. "మనకూ అంతే కదా. ఉప్పు నిండుకుంది అంటాం. నిండిందా ఏమన్నానా?" అనేది. ఉప్పు లేదని చెప్పడానికి నిండుకుంది అంటామని అప్పుడే నాకు తట్టింది.

వారానికి ఒకటే మాట. ఈ వారం 'గెట్' అంటే వారమంతా గెట్టే. ధర్మవరంలో బండి ఎక్కి పెనుకొండ వచ్చేదాకా ఆ వారం మాటలన్నీ నాలో నేను అనుకునేదాన్ని. పెనుకొండ దాటాక వాటితో వాక్యాలు కట్టుకునేదాన్ని. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నా పెదాలు కదలడం చూసి, ఏదో దేవుడి నామం చదువుకుంటోందనుకునేవారు. ఒకసారి ఒక అవ్వ, "ఏ సామిది తల్లీ?" అని అడిగింది కూడా. ఏం చెప్పాలో తోచక, "గెట్ సామిది అవ్వా" అన్నాను. ఆమె దండం పెట్టుకుంది. ఆ సంగతి చెబితే ఆపరేటరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

ఆమె మెతక మనిషని అనుకోవద్దు. ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు కావాలని వచ్చినవాళ్ళను మెట్ల మీద నుంచే పంపించేది. బ్యాంకులో అతికించిన కాగితంలో ఒక్క చిన్న మాట తప్పుందని అక్కడి గుమాస్తా పిల్లతో అరగంట వాదించి, వెనక వరుసంతా విసుక్కునేలా చేసింది. నా మీద కూడా ఒకసారి నిజంగానే కోప్పడింది.

అప్పటికి నాలుగైదు నెలలైంది. ఇద్దరం బజారు నుంచి వస్తున్నాం. దూరంగా ఒక బస్సు ఆగింది. "కెన్ యు మేక్ ఔట్ ద బోర్డ్?" అని అడిగింది. నేను "యెస్" అని తల ఊపాను.

"ఏమడిగినా?"

నేను బస్సు వైపు చూశాను.

"నేనడిగింది ఏమి పాపా?"

"బోర్డు తయారు చేస్తావా అని..."

"మళ్ళ తల ఎందుకూపినావు?"

ఆమె మధ్య రోడ్డులో నిలబడిపోయింది. మేక్ ఔట్ అంటే పోల్చుకోగలవా, కనపడుతోందా అని అర్థమని కూడా అప్పుడు చెప్పలేదు. "ఆ పొద్దు బొంబాయామెకూ ఇట్లే ఊపినావు. తెల్లేదు అనేదానికి ఎంతసేపు పడతాది? పో. ధర్మవరం బండికి టైముండాది" అంది. చేతిలో సంచి లాక్కుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను స్టేషనుకు పోయి, బండిలో కిటికీ వైపు తిరిగి ఏడ్చుకుంటూ ఇల్లు చేరాను. ఇక హిందూపురం పోనని అమ్మకు చెప్పేశాను. ఇంగ్లీషు లేకపోతే బతకలేమా అన్నాను. తర్వాతి ఆదివారం పోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమే వచ్చింది. ఒక్కతే, ప్యాసింజరులో. చేతిలో కవరు నిండా ఓళిగలు. నాయన మగ్గం మీద ఉన్నాడు. లేవబోతే వద్దని, మగ్గం పక్కన చాప మీద కూర్చుంది. నేను వంటింటి గడపలో నిలబడ్డాను. ఆమె నన్ను పిలవలేదు. నాయనతో చెబుతున్నట్టే మొదలుపెట్టింది.

"నేను ఎక్స్ఛేంజిలో చేరిన కొత్తలో జరిగింది చెప్తాండా అప్పా. రొళ్ల పక్క పల్లెనుంచి ఒకామె పోస్టాఫీసుకు వచ్చి మద్రాసుకు ట్రంకు కాలు చేసింది. మొగునికి బాగలేక ఆడ పెద్దాసుపత్రిలో ఉన్యాడు. మరిది తోడున్యాడు. లైను శానాసేపటికి కలిసింది. ఎవురో డాక్టరు వచ్చినాడు. ఆయనకు తెలుగు రాదు. ఈమెకు ఇంగ్లీషు రాదు. 'ఏమంటాడో రవ్వంత చెప్పు తల్లీ' అని నన్నడిగింది. ఆపరేటర్లు నడుమ మాట్లాడకూడదు. రూలు. పాపమని విన్న్యా."

నాయన చేతిలో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆగిపోయింది.

"సారీ అన్న్యాడు డాక్టరు. మా లైన్లో సారీ దినానికి నూరుసార్లు వస్తాది. తర్వాత, 'హి కుడ్ నాట్ పుల్ త్రూ' అన్న్యాడు. మాకు త్రూ అంటే ఒకటే. లైను కలిసేది. యు ఆర్ త్రూ అని చెప్పి మేము పక్కకు తప్పుకుంటాం. పుల్ అంటే లాగేది. పేషెంటును ఫోను కాడికి తీసుకరాలేకపోయినారేమో అనుకున్న్యా. అదే చెప్పినా. 'ఆయన్ను ఫోను కాడికి తీసుకరానీక కాలేదంట అమ్మా' అని. 'సరే తల్లీ, పండుకోనుంటాడేమో. నిద్ర లేపద్దని చెప్పు' అనింది."

పుల్ త్రూ అంటే గండం గడిచి బతికి బయటపడటం. డాక్టరు చెప్పింది ఆయన బతకలేదని. ఆ ముక్క ఆమె వివరించకపోయినా ఇంట్లో అందరికీ అర్థమైంది.

"మర్సటి దినం తంతి పోయింది. అది కూడా నా చేతి మీద నుంచే పోయింది. పది పన్నెండు దినాలైనాక ఆమె హిందూపురానికి వచ్చింది. ఎక్స్ఛేంజి వాకిట్లో నిలబడి నన్ను అడిగింది. కొడతాదేమో అనుకున్న్యా. కొట్టలే. 'నిన్ను తిట్టనీకి రాలేదు తల్లీ. ఆ పొద్దు నువ్వు చెప్పినాక ఇంటికి పోయి, మీ నాయన బాగుండాడు, వస్తాడని పిల్లోల్లకు చెప్పినా. తంతి వచ్చినా వాల్లు నమ్మలేదు. ఫోను చేస్తే బాగుండాడనిరి కదా అంటాండారు. దినామూ అడుగుతాండారు. చదువుకున్నదానివి, ఏం చెప్పల్లో నువ్వు చెప్తావేమో అని వచ్చినా' అనింది."

అమ్మ వంటింట్లో నుంచి నా పక్కకు వచ్చింది.

"ఏం చెప్పినారు?" అని అమ్మ అడిగింది.

"ఏం చెప్తా? ఆమె కాళ్ళు పట్టుకున్న్యా. ఆమె నన్ను లేపి బస్టాండుకు పోయింది. ఆ పొద్దుటి నుంచీ లైన్లో నాకు తెలియని చిన్న మాట ఏది వినపడినా రాసి పెట్టుకునేది మొదలుపెట్టినా. ఇంగ్లీషులో గొప్ప కావల్లని కాదు." అప్పుడు నా వైపు తిరిగింది. "నీ తప్పుకు ఒక పెండ్లికూతురి తల్లి ఏడ్చింది. బతికే ఉండాది కదా పాపా. సారీ చెప్పనీక ఇంగా లైనుండాది. నేర్చుకో. నేర్చుకోని ఆమెకు ఫోను చెయ్యి."

ఆ మాటతో నేను మళ్ళీ బండి ఎక్కాను.

ఫోను చేయడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. చెప్పవలసింది ముందు కాగితం మీద రాసుకున్నాను. నిఘంటువు వెతికి పెద్ద పెద్ద మాటలు పెట్టాను. ఆపరేటరమ్మ చదివి, పెన్నుతో సగం కొట్టేసింది. "ఇట్ల చెప్తే కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నట్లుంటాది. మనిషికి చెప్పు" అంది. చివరికి మిగిలింది నాలుగే వాక్యాలు. ఆమె గదిలో, ఆమె చెప్పినట్టే లేచి నిలబడి చేశాను. స్పీకరు పెట్టి ఆమె ఎడమ చెవి దగ్గర పట్టుకున్నాను. నేను ధర్మవరం చీరల అమ్మాయినని, ఆ రోజు 'కాల్డ్ ఆఫ్' అంటే ఏమిటో నాకు తెలియదని, తెలియదని చెప్పకపోవడం నా తప్పని చెప్పాను. 'ఐ మిక్స్‌డ్ అప్ ద వర్డ్స్. ఐ లెట్ యు డౌన్' అన్నాను. పొరబడ్డాను, మీ నమ్మకం నిలబెట్టలేకపోయాను అని.

బొంబాయి ఆమె నీకు ఎన్నేళ్ళు అని అడిగింది. చెప్పాను. అప్పుడామె అసలు సంగతి చెప్పింది. ఆ పెళ్ళి మగపిల్లవాడివాళ్ళు ఆపలేదట. 'షి బ్రోక్ ఇట్ ఆఫ్ హర్‌సెల్ఫ్' అంది. బ్రేక్ ఆఫ్ అంటే తెంచుకోవడం. ఆ అమ్మాయే వద్దనుకుంది. ఇల్లంతా ఏడుస్తున్న సమయంలో, ధర్మవరంలో చీరలు నేసేవాళ్ళు కూడా మనల్ని ఎగతాళి చేస్తున్నారని ఈమె కోపంగా చెబితే, ఆ అమ్మాయి నెల రోజుల్లో మొదటిసారి నవ్విందట. "ఇంతమందిలో నా గురించి సంతోషపడింది ఒక్కరే" అందట.

"షి విల్ లాఫ్ అగైన్ వెన్ ఐ టెల్ హర్" అని ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చిందనుకుంటాను. ఆ చీరల్లో ఒకటి కూతురికి పంపమంది. నేను ఫోను అలాగే పట్టుకుని ఉండిపోయాను.

"హ్యాంగప్ చెయ్ పాపా ఇంగ. ఆమె పెట్టేసి శానాసేపాయె" అంది ఆపరేటరమ్మ. అని, గోడ వైపు తిరిగి చాలాసేపు పైటతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో బండి పెనుకొండలో ఆగినప్పుడు, ఇల్లు చేరేదాకా ఉండబట్టలేక నాయనకు ఫోను చేసి అంతా చెప్పాను. ఆయన అంతా విని, "అయితే ఆ పాప బాగుండాది కదా?" అని ఒక్కటే అడిగాడు. మిగిలిన పదకొండు చీరలూ ఒక్కొక్కటిగా ఎక్కడెక్కడికో పోయాయి. బొంబాయి అమ్మాయికి పంపిన చీర నాయనే మడతపెట్టాడు.

చదువు అయ్యాక నేను ధర్మవరంలోనే ఉండిపోయాను. మా వీధిలో ఏడెనిమిది ఇళ్ళ మగ్గాలకు ఫోను మాటలన్నీ ఇప్పుడు నావే. ఒకసారి ఒక దుకాణం నుంచి 'పుట్ ఆఫ్' అని ఫోను వస్తే, ఆఫ్ అనే మాట విని నాయన అప్పటికే పడుగు కోసేయడానికి కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. "కాల్ ఆఫ్ కాదు నాయనా, పుట్ ఆఫ్. ఆపలేదు, జరిపినారు. నెల ఆలస్యం, అంతే" అన్నాను. కత్తెర కింద పెట్టి, "ఆపరేటరమ్మ సల్లగుండల్ల" అన్నాడు. ఆదివారాలు తగ్గి, నెలకొకసారి, తర్వాత పండుగలకు అయిపోయింది నా హిందూపురం ప్రయాణం. కొత్త మాట ఏదైనా ఎదురైతే మాత్రం అడిగేదాన్ని. ఆమె వెంటనే అర్థం చెప్పేది కాదు. "ఎవురన్న్యారు? ఏం జరుగుతాంటే అన్న్యారు? గొంతు ఎట్లుండాది?" అని మూడు అడిగేది. మూడింటికీ జవాబు చెప్పేలోపల అర్థం సగం నాకే తెలిసిపోయేది.

పోయిన ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాట పోయింది. ఊరందరి మాటలూ అటూ ఇటూ చేర్చిన మనిషికి మాట పోవడం చూడలేకపోయాను. పై గది నుంచి కిందికి, తమ్ముడి ఇంట్లో నడిమింటికి మంచం మార్చారు. వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చుని నేనే ఏవేవో చెప్పేదాన్ని. చెప్పడం అయిపోయాక ఆమె ఎడమచేత్తో నా అరచేతిని నొక్కేది. విన్నానని.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆమె ఏదో చెప్పాలని చాలా కష్టపడింది. "గె... గె..." అంటోంది. లేవాలేమో అనుకుని "గెట్ అప్పా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "గెట్ వెల్?" అన్నాను. విసుక్కుంది. "గెట్ ఓవర్? గెట్ త్రూ?" నాకు వచ్చినవన్నీ చెప్పుకుంటూ పోయాను. ఇప్పుడు కూడా నాకు పరీక్ష పెడుతోందా అనిపించి నవ్వొచ్చింది. ఆమెకూ నవ్వొచ్చింది, సగం ముఖంతో. చివరికి ఎడమచేయి ఎత్తి గోడ గడియారం చూపించింది. ధర్మవరం బండికి పావుగంటే ఉంది.

"గెట్ బ్యాక్. ఇంటికి పొమ్మంటావా?"

అవునని కళ్ళు మూసి తెరిచింది. నేను తెలియకుండా తల ఊపలేదని ఆమెకు నమ్మకం కలిగాకే చేయి వదిలింది.

ఆ మంగళవారం నేను హిందూపురం చేరేసరికి ఇంటి ముందు చాలామంది ఉన్నారు. లేపాక్షికి యాత్రికులను తిప్పే ఆటో అతను, ఇద్దరు నర్సులు, బ్యాంకు గుమాస్తా పిల్ల కూడా. ఆమెతో వాదించిన ఆ పిల్ల తర్వాత మూడేళ్ళు ఆమె దగ్గరే నేర్చుకుందట. నాకు ఆ సంగతి తెలియనే తెలియదు. ఎవరికి ఎవరం ఏమవుతామో చెప్పుకోవడానికి మాకు మాట దొరకలేదు. ఆమె పాదాల దగ్గర తలా ఒకసారి వంగి లేచాం. మధ్యాహ్నానికి మగవాళ్ళు తీసుకుపోయారు. ఆడవాళ్ళు ఇల్లు కడగడం మొదలుపెట్టారు.

నేను వాకిట్లో ఉండగా ఫోను మోగింది. పూణె నుంచి, కొత్తగా చీరలు తీసుకుంటున్న ఒక దుకాణం ఆమె. లేచి నిలబడి తీశాను. రంగుల గురించి ఏదో అడగబోతుంటే ఆపి, మా టీచరు పోయిందని చెప్పాను. 'పాస్‌డ్ అవే' అన్నాను. ఆమె మెత్తగా, "టేక్ యువర్ టైమ్. కాల్ మి వెన్ యు ఫీల్ అప్ టు ఇట్" అంది.

ఫీల్ తెలుసు. అప్ తెలుసు. టు తెలుసు. మూడూ కలిసి కూర్చుంటే 'నీకు ఓపిక వచ్చినప్పుడు' అని అర్థమని తర్వాత తెలిసింది, అప్పుడు తెలియలేదు. "సారీ మేడమ్, ఆ మాట నాకు తెలియలేదు" అని ఇంగ్లీషులో చెప్పాలని నోరు తెరిచి, అలవాటుగా నడిమింటి వైపు తిరిగాను.

మంచం తీసేశారు. అప్పుడే కడిగిన నల్లబండల మీద నీళ్ళు ఇంకా పూర్తిగా ఆరలేదు. మంచం కోళ్ళు ఆనుకున్న నాలుగు చోట్ల నాలుగు తెల్లటి గుండ్రాలు ఉన్నాయి. వాటి మధ్య తడి కొంచెం కొంచెంగా ఆరిపోతోంది. నేను ఫోను చెవి దగ్గర పట్టుకుని, అది ఆరడం చూస్తూ నిలబడ్డాను.